వాలిన రెక్క వైపుకు

(దేవస్థానం కల్యాణమండపంలో, ఏకాదశి సాయంకాల ప్రసంగ పరంపరలో చేసిన ఉపన్యాస పాఠం)

 

ఈ వేదికపై నేను ప్రతిసారీ శ్రీమద్రామాయణంలోని ఏదో ఒక ఘట్టాన్ని తీసుకొని మాట్లాడటం మీరెరిగినదే. ఈనాడు కూడా రామాయణం దగ్గరికే చేరుకొంటాను. కానీ దారి కొంచెం చుట్టు. ఒక కొండవాలు మీదుగా రావలసి ఉంది. గత మాఘమాసంలో, నా డెబ్భైనాలుగవ యేట, నేను పారాగ్లైడింగ్ నేర్పే ఒక బడిలో ఒక్క రోజు విద్యార్థిగా గడిపాను. మీరు నవ్వుతున్నారు. మా బంధువులు కూడా నవ్వారు. మా అమ్మాయి మాత్రం కంటతడి పెట్టింది. ఆ కథ ముందుగా మనవి చేస్తాను.

మా అమ్మాయి, అల్లుడు పుణే నగరంలో ఉంటారు. వారి కుమారుడు, అనగా నా దౌహిత్రుడు, ఇంజనీరింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరాడు. మొదటి జీతంలో కొంత చెల్లించి, కామ్‌షేత్ అనే ఊళ్లో ఒక రోజు ప్రారంభ శిక్షణకు పేరు నమోదు చేసుకొన్నాడు. మా అమ్మాయి భయపడి నాకు ఫోన్ చేసింది. "నాన్నగారూ, వాడు నా మాట వినడం లేదు. మీ మాటంటే గౌరవం. మీరొచ్చి మాన్పించండి" అన్నది. నేను రేణిగుంటలో బండి మారి పుణే చేరాను. మనుమణ్ణి కూర్చోబెట్టి, ప్రాణం ఎంత విలువైనదో ఒక గంటసేపు ఉపదేశించాను. వాడు ఓపికగా విని, "తాతయ్యా, మీరు దాన్ని చూశారా?" అని అడిగాడు. లేదన్నాను. "చూసి చెప్పండి. మీరు వద్దంటే మానేస్తాను" అన్నాడు. శాస్త్రం చదువుకొన్నవాణ్ణి. చూడని వస్తువును ఖండించరాదని నేనే వేలమందికి చెప్పాను. ఇక మాట్లాడటానికి లేకపోయింది.

మర్నాడు తెల్లవారుజామున లోకల్ రైలెక్కాము. దారిలో దేహూరోడ్ స్టేషన్ వచ్చింది. సంత్ తుకారాం మహరాజ్ పుట్టిన దేహూ క్షేత్రానికి అక్కడ దిగుతారు. ఆయన గరుడవాహనంపై సశరీరంగా వైకుంఠం చేరాడని మహారాష్ట్ర భక్తుల విశ్వాసం. కూర్చున్నచోటనే నమస్కరించుకొన్నాను. దేహూను తాకి, జ్ఞానేశ్వరుని సమాధి ఉన్న ఆళందికి సాగే ఇంద్రాయణీ నదే కామ్‌షేత్ ప్రక్కగా కూడా ప్రవహిస్తుంది. సహ్యాద్రి కొండల నడుమ అది చిన్న ఊరు. వర్షాకాలం గడిచాక, అక్టోబరు నుండి వేసవి దాకా, ఈ విద్య నేర్చుకొనేవారు దేశం నలుమూలల నుండి అక్కడికి వస్తారు. హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్-బిల్లింగ్ తరువాత మన దేశంలో ఇందుకు పేరుపొందిన చోట్లలో ఇదొకటి.

మన నెల్లూరు తీరంలో ఇది ఎందుకు లేదని మీలో యువకులు అడగవచ్చు. మైపాడులో గాని, కొత్తకోడూరులో గాని, తుమ్మలపెంటలో గాని గాలికి కొరత లేదు. పరుగెత్తి పైకి లేవడానికి తగిన కొండవాలే లేదు. మన తీరం సమతలం. గాలి వచ్చి కొండను తాకినప్పుడు ముందుకు పోలేక వాలు వెంట పైకి ఎక్కుతుంది. అలా ఎక్కే గాలిపైనే వారు నిలుస్తారు.

ఆ సాధనం గురించి రెండు మాటలు. అది విమానం కాదు, యంత్రం లేదు, చట్రం లేదు. ఒక పెద్ద వస్త్రం. దాని ముందంచున వరుసగా నోళ్లు ఉంటాయి. ఆ నోళ్లలోకి గాలి దూరి లోపలి అరలు నిండితేనే దానికి రెక్క ఆకారం వస్తుంది. గాలి లేనప్పుడు అది మడిచి సంచిలో పెట్టుకొనే గుడ్డ మాత్రమే. గాలిపటాలు తయారుచేసే డొమినా జాల్బర్ట్ అనే అమెరికావాసి 1960లలో ఇటువంటి గాలి నిండే రెక్కను రూపొందించాడు. 1978లో ఫ్రాన్స్ దేశంలో, ఆల్ప్స్ పర్వతాలలోని మియుస్సీ అనే గ్రామం వద్ద, ముగ్గురు మిత్రులు అటువంటి గొడుగులతో కొండవాలు మీద పరుగెత్తి గాలిలోకి లేచారు. ఈ క్రీడ ఆ విధంగా మొదలైంది.

బడిలో ఆరుగురు విద్యార్థులు. బోధకుడికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మరాఠీ కుర్రవాడు. నన్ను చూసి "ఆజోబా" అని పిలిచాడు. అంటే తాతగారు. నేను ఊరక చూడటానికి వచ్చానని మనుమడు చెప్పాడు. "చూస్తూ కూర్చుంటే ఎండ తప్ప ఏమీ దక్కదు. నేల మీది పాఠం మీరూ నేర్చుకోవచ్చు" అన్నాడు ఆ యువకుడు. నాకు సరదా పుట్టింది. దాచడమెందుకు, అది సరదా కాదు, అహంకారమే. ఏభై ఏళ్లు బోధించినవాణ్ణి, ఒక పూటలో ఈ విద్య నాకు పట్టుబడదా అనుకొన్నాను.

ముందుగా ఒక కాగితం ఇచ్చి ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడిగారు. రక్తపోటు ఉన్నదా, మోకాళ్ల నొప్పులున్నాయా, మందులు వాడుతున్నారా. లేదు అని వ్రాయబోయాను. ప్రక్కన మనుమడు నిలబడి చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు వ్రాశాను. బోధకుడు చదివి, "మీరు వాలు మీద పరుగెత్తవద్దు. మైదానంలో రెక్కను లేపి నిలబెట్టడం వరకే మీ పాఠం" అని చేతులు జోడించి చెప్పాడు. నాకు చిన్నతనమనిపించింది. ఆయన చెప్పింది న్యాయమేనని సాయంకాలానికి గాని ఒప్పుకోలేకపోయాను.

మొదటి గంట నేల మీద పడటం నేర్పారు. మోకాళ్లు కలిపి, కొద్దిగా వంచి, ప్రక్కకు ఒరిగిపోవాలట. నన్ను దీని నుండి మినహాయించారు. తరువాత గాలిని చూడటం నేర్పారు. ఒక కర్రకు కట్టిన గుడ్డతిత్తి ఉంది. అది ఎటు ఊగుతోంది, ఎంత నిండుతోంది, గడ్డి ఎటు వంగుతోంది, చెరువు నీటిపై గీతలు ఎటు నడుస్తున్నాయి, ఇవన్నీ చూడాలి. ఎగరడమూ దిగడమూ రెండూ ఎదురుగాలిలోనే చేయాలి. నేలపట్టులో కొంగలు లేచేటప్పుడు గాలికి ఎదురుగా తిరగడం మనం చూస్తూనే ఉంటాము. కారణం ఎన్నడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం కొత్తవారిని ఎగరనివ్వరు. ఎండకు నేల వేడెక్కి, వేడిగాలి ఉండలు ఉండలుగా పైకి లేస్తుంది. రెక్క అదుపు తప్పుతుంది. ఉదయమో సాయంకాలమో వారికి తగినది. ఈ మాట వినగానే నాకు మన పైరగాలి గుర్తుకు వచ్చింది. మన ఊళ్లలోనూ మధ్యాహ్నానికి నేల కాగి, దానిపై గాలి లేచిపోతే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. కారణం అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక రెక్కను లేపే పాఠం. నడుముకు, తొడలకు, భుజాలకు పట్టీలు బిగించారు. దానిని హార్నెస్ అంటారు. తలకు హెల్మెట్. వెనుక నేలపై ఆ వస్త్రాన్ని విల్లులా పరిచారు. దాని నుండి సన్నని దారాలు వచ్చి నా భుజాల వద్ద పట్టీలకు కలిశాయి. "చేతులతో లాగవద్దు. ఛాతీని ముందుకు వంచి నడవండి. రెక్క తనంతట తాను లేస్తుంది" అన్నాడు. నేను లాగాను. అది ఒక ప్రక్క లేచి, రెండవ ప్రక్క నేలకు ఒరిగి, మొత్తం నా వెనుక కుప్పకూలింది. రెండవసారీ అంతే. మూడవసారి దారాలు చిక్కుపడ్డాయి. నాలుగవసారి నేనే కూర్చుండిపోయాను.

ప్రతిసారీ ఆ యువకుడు వచ్చి, దారాలు సరిచేసి, రెక్కను మళ్లీ పరిచి, "పున్హా" అన్నాడు. మరాఠీలో మళ్లీ అని అర్థం. అది మన పునః శబ్దమే. ఆ మాటలో విసుగు లేదు, వెటకారం లేదు. ఏడవసారి నా ప్రక్కనే నడుస్తూ ఒక సూత్రం చెప్పాడు. "ఆజోబా, రెక్క ఎడమవైపు వాలుతుంటే మీరు కుడివైపుకు గుంజుతున్నారు. అందుకే పడిపోతోంది. ఎటు వాలితే అటు నడవండి. దాని క్రిందికి వెళ్లండి. మీరు దాని క్రింద ఉంటే అదే నిటారుగా నిలుస్తుంది."

ఎనిమిదవసారి అది కుడికి వాలింది. నేను కుడివైపుకు నాలుగడుగులు వేశాను. తలపైన ఆ రంగుల వస్త్రం గాలితో నిండి, ఒక్కసారి కదిలి, నిలిచింది. భుజాలపై బరువు తగ్గినట్లయింది. పది క్షణాలు నిలిచి ఉంటుందేమో. నేను ఎగరలేదు. నా పాదాలు నేలపైనే ఉన్నాయి. అయినా నాకు కన్నీళ్లు వచ్చాయి. విద్య పట్టుబడిందన్న ఆనందంతో కాదు. ఆ క్షణాన నాకొక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు.

నలభై ఏళ్ల క్రిందటి మాట. నేను సంస్కృతం బోధిస్తున్న రోజులలో, అల్లూరు వైపు ఒక తీరగ్రామం నుండి ఒక పిల్లవాడు వచ్చి చేరాడు. మత్స్యకారుల కుటుంబం. ఆసక్తి గలవాడే. కానీ మహాప్రాణాలు పలకలేకపోయేవాడు. ధకారం చెప్పమంటే దకారం చెప్పేవాడు. నేను తరగతి అందరి ముందూ నిలబెట్టి వందసార్లు చెప్పించాను. వాడు ఎటు వాలితే దానికి వ్యతిరేకంగా గుంజాను. ఒకనాడు "నీకు వల విసరడమే తగినది" అన్నాను. మర్నాటి నుండి వాడు రాలేదు. వాళ్ల నాన్న ఒక్కసారి వచ్చి వాకిట నిలబడ్డాడు. నేను పూజలో ఉన్నానని కబురు పంపాను. ఆయన మళ్లీ రాలేదు.

భక్తమహాశయులారా, ఇప్పుడు రామాయణం దగ్గరికి వస్తున్నాను. కిష్కింధాకాండలో సంపాతి తన కథ వానరులకు చెప్పుకొంటాడు. అన్నదమ్ములైన సంపాతి జటాయువులు బలగర్వంతో సూర్యుణ్ణి అందుకోవాలని పందెం వేసుకొని ఎగిరారు. మధ్యాహ్నమయ్యేసరికి తమ్ముడు వేడికి సొమ్మసిల్లి క్రిందికి జారుతున్నాడు. అన్న ఏమి చేశాడు? తానొక్కడే పైకి పోలేదు. ధైర్యం తెచ్చుకోమని దూరం నుండి ఉపదేశించలేదు. జారిపోతున్నవాని వైపుకు వెళ్లి తన రెక్కలు వానిపై కప్పాడు. తన రెక్కలు కాలిపోయాయి. తాను వింధ్యపర్వతంపై పడ్డాడు. తమ్ముడు జనస్థానంలో పడ్డాడు, బ్రతికాడు. ఆ బ్రతికినవాడే కదా తరువాత సీతమ్మ కోసం రావణునితో పోరాడి రాముని ఒడిలో ప్రాణం విడిచినవాడు. సంపాతి ఆనాడు తమ్ముని వైపుకు వెళ్లకపోతే జటాయువు చరిత్రే లేదు. ఈ ఘట్టాన్ని నేను ఎన్నోసార్లు వ్యాఖ్యానించాను. గర్వభంగమని చెప్పేవాణ్ణి. వాలినవాని వైపుకు నడవడమని ఒక్కసారి కూడా చెప్పలేదు.

సాయంకాలం అయిదు గంటలకు గాలి తగ్గింది. చిన్న వాలు మీద నుండి ఒక్కొక్కరిని పరుగెత్తించారు. వాకీటాకీలో బోధకుడు చెబుతుంటాడు: చూపు దూరంగా ఉంచు, దూకవద్దు, కాళ్లు గాలిలో తేలినా పరుగు ఆపవద్దు, నేల దగ్గరపడగానే రెండు చేతుల బ్రేకులూ నెమ్మదిగా క్రిందికి దించు. మనిషి ఎత్తున కొందరు, రెండు మనుషుల ఎత్తున కొందరు, కొన్ని క్షణాలు తేలి దిగారు. ఆ కొన్ని క్షణాల కోసమే ఆ రోజంతా శ్రమ.

సుందరకాండ మొదటి సర్గలో హనుమంతుడు మహేంద్రగిరి నుండి లేచే ముందు వాల్మీకి మహర్షి ఎంత నిదానంగా వర్ణిస్తాడో మీకు తెలుసు. ఆయన తూర్పుముఖంగా తిరిగి తండ్రియైన వాయుదేవునికి నమస్కరించాడు. పాదాలు కొండపై గట్టిగా అదిమాడు. ఊపిరి బిగబట్టాడు. అంత బలవంతుడు కూడా గాలికి నమస్కరించకుండా, కాలు నిలదొక్కుకోకుండా ఎగరలేదు. ఆ పిల్లలు గుడ్డతిత్తిని చూసి, పట్టీలు ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకొని, నిలబడి, అప్పుడు కదలడం చూస్తుంటే ఆ సర్గ నా కళ్ల ముందు నడిచింది.

నా మనుమని వంతు చివరిది. అది మొదట రెండవది. కానీ ఉదయం నుండి నా దారాల చిక్కులు విప్పుతూ, నా రెక్కను పరుస్తూ, వాడు తన సాధనలో వెనుకబడ్డాడు. అందుకని చివరికి వేశారు. వాడు హార్నెస్ బిగించుకొని వాలు పైన నిలబడ్డాడు. ఇంతలో గుడ్డతిత్తి బిగుసుకొని అడ్డంగా లేచింది. ప్రక్కగాలి. బోధకుడు చేయి ఎత్తాడు. పది నిమిషాలు ఆగారు, గాలి తగ్గలేదు. "ఈ రోజుకు చాలు" అన్నాడు. ఒక విద్యార్థి, తానెగిరి దిగినవాడే, నా మనుమని తరఫున వాదించాడు. "ఇతడు డబ్బు కట్టాడు కదా, ఒక్కసారి పంపండి" అన్నాడు. బోధకుడు నవ్వి, "గాలికి ఎవరూ డబ్బు కట్టలేదు" అన్నాడు.

దాతలు ఇక్కడ ఉన్నారు గనుక చనువుగా మనవి చేస్తున్నాను. నైవేద్య సమయంలో తెర వేసినప్పుడు ఎంతటి దాత అయినా తెర బయట నిలబడవలసిందే. అది అవమానం కాదు, మర్యాద. మన కడలిలో ఏప్రిల్ 15 నుండి 61 రోజులు మరపడవలు వేటకు పోవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆగుతారు. మనకు దక్షిణాన ఉన్న శ్రీహరికోటలో 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగానికి సర్వం సిద్ధమైంది. సాక్షాత్తు రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు. ఇంకా 56 నిమిషాలు మిగిలి ఉండగా లోపం గమనించి ఆపివేశారు. సరిచేసి జూలై 22న ప్రయోగించారు, జయప్రదమైంది. ఆగడం తెలిసినవారికే లేవడం కూడా తెలుస్తుందని దీనివల్ల తేలుతున్నది.

నా మనుమడు మారు మాటాడలేదు. పట్టీలు విప్పి, రెక్కను మడిచి, సంచి భుజాన వేసుకొని క్రిందికి దిగి వచ్చాడు. "నావల్లనే నీ వంతు పోయింది నాయనా" అన్నాను. "మీ రెక్క నిలబడింది కదా తాతయ్యా. నేను వచ్చే నెల వస్తాను" అన్నాడు. ఎక్కడ ఆగాలో తెలిసినవాణ్ణి ఆపడానికి నేను మూడు రాష్ట్రాలు దాటి వెళ్లాను. ఆ రాత్రి మా అమ్మాయితో, "వాణ్ణి వెళ్లనివ్వు. మంచి గురువు దొరికాడు" అని చెప్పాను. అప్పుడే ఆమె కంటతడి పెట్టింది.

మీ ఇళ్లలోనూ పిల్లలు ఇటువంటి కోరికలు కోరుతారు. నా అనుభవంతో చెబుతున్నాను. ఒకసారి మీరే వెళ్లి చూడండి. గురువుకు తగిన శిక్షణ, అనుమతి ఉన్నాయా అని విచారించండి. ఆరోగ్యం విషయంలో నిజం చెప్పించండి. గాలి బాగాలేదని వెనుకకు పంపే గురువైతే నమ్మండి. డబ్బు తీసుకొన్నాడు గనుక ఎట్లాగైనా ఎగరవేసేవాడైతే పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని తిరిగి రండి.

నెల్లూరు చేరిన వారానికి నేను ఆ తీరగ్రామానికి వెళ్లాను. అడిగితే ఇల్లు చూపించారు. ఆ పిల్లవాడిప్పుడు మనుమలున్న పెద్దమనిషి. నన్ను గుర్తుపట్టి, అరుగుపై చాప వేసి, మజ్జిగ తెప్పించాడు. నేను ఎడమవైపు కూర్చొని మాట్లాడుతుంటే, లేచి వచ్చి రెండవ ప్రక్కన కూర్చున్నాడు. "ఈ చెవి చిన్నప్పటి నుండి వినపడదు పంతులుగారూ. రెండవది కూడా అంతంతమాత్రమే. మీరు చెప్పే ఆ రెండు అక్షరాలూ నాకు ఒకటిగానే వినిపించేవి" అన్నాడు. ఎప్పుడూ చెప్పలేదేమని అడగబోయి నోరు మూసుకొన్నాను. అడగవలసినవాణ్ణి నేను. వాణ్ణి వందసార్లు చెప్పించాను గాని, ఒక్కసారి దగ్గరికి పోయి "నీకు ఎలా వినిపిస్తున్నది నాయనా?" అని అడగలేదు.

క్షమించమని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. సముద్రం వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. పొద్దు వాలుతుంటే నాతోపాటు బస్సు దాకా నడిచి వచ్చాడు. నన్ను ఎక్కించి, నా చేతిసంచి కిటికీలో నుండి అందించాడు. అంతే.

మన ఇళ్లలో, మన బళ్లలో, మన గుడి ముంగిట, ఎవరో ఒకరు ఒక ప్రక్కకు వాలుతూనే ఉంటారు. చదువులో వెనుకబడిన బిడ్డ కావచ్చు, అలిగి వెళ్లిన తమ్ముడు కావచ్చు, మాట పట్టింపుతో పండుగకు రాని కోడలు కావచ్చు. మనం ఉన్నచోటనే నిలబడి గుంజుతుంటాము. ఈ రాత్రి స్వామివారి దర్శనం చేసుకొని ఇంటికి చేరాక, అటువంటివారు ఒక్కరు గుర్తుకు వస్తే, నాలుగడుగులు మీరే వారి వైపుకు వేయండి. నాకు ఆ నాలుగడుగులు వేయడానికి నలభై ఏళ్లు పట్టింది. మీకు అంత ఆలస్యం కాకూడదని స్వామివారిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

స్వస్తి.